శనగ గింజల్లో ఇల్లెందు: ఒక ప్రాజెక్టు డైరీ

నవంబరు 2, ఆదివారం

మా పెద్దోడి స్కూల్లో నెలాఖరున ఎగ్జిబిషన్. వీడిప్పుడు ఎనిమిదో తరగతి. టాపిక్ ‘ఒక ఊరు: చరిత్ర, జనాభా’. క్లాసులో సగం మంది గండికోట, మిగిలిన సగం ఒంటిమిట్ట అని పేర్లు ఇచ్చేశారంట. వీడు లేచి ‘మా అమ్మ వాళ్ల ఊరు చేస్తా, బొగ్గుబావుల ఊరు’ అన్నాడంట. ఆ సంగతి నాకు చెప్పింది ఈ రాత్రి, అన్నంలోకి మజ్జిగ పోసుకుంటూ.

నేను పుట్టి పెరిగింది ఇల్లెందులో. 2009లో పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చాను. ఇక్కడ ఊరి పేరు చెబితే ‘అది యాడుంది?’ అంటారు. సింగరేణి అంటే మాత్రం అందరికీ తెలుసు. ఆ సింగరేణి పుట్టిందే మా ఊళ్లో అని చెప్తే గొప్పలు పోతోంది అనుకుంటారని ఇన్నాళ్లూ ఊరుకున్నా. ఇప్పుడు సందు దొరికింది.

అనుకున్నది ఇది. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు మోడల్. పైన ఊరు. ముందు వైపు కేకు కోసినట్టు నిలువుగా కోసి, కింద బావి ఎలా ఉంటుందో చూపించాలి. పక్కనే సీసాల్లో జనాభా. ఒక్క శనగ గింజ అంటే వంద మంది.

నవంబరు 4

అడుగున కడపబండ వేద్దామన్నది మా ఆయన ఐడియా. ‘మా జిల్లా రాయి మీద మీ ఊరు నిలబడాల’ అంట. వినడానికి బాగుంది. బండ తెచ్చాక చూస్తే ఇద్దరం పట్టినా లేవలేదు. మూడుకు రెండు, అంగుళం మందం. లెక్కేస్తే దాదాపు 37 కేజీలు. అంత బరువు ఆటోలో ఎక్కించి, స్కూల్లో మేడ మీదికి మోయాలి. బండ పెరట్లో బట్టలుతుక్కోవడానికి పోయింది. 12 ఎంఎం ప్లైవుడ్ తెచ్చాము.

బండ వల్ల ఒక మేలు మాత్రం జరిగింది. ‘మరి మన కడపలో బొగ్గు ఎందుకు లేదు?’ అని వాడు అడిగాడు. బొగ్గు కావాలంటే ముందు చెట్లు ఉండాలి. అవి బురదలో పూడిపోయి, పైన మట్టి పొరలు పేరుకుని, కోట్ల ఏళ్లు నలగాలి. గోదావరి లోయలో బొగ్గుగా మారిన అడవుల వయసు పాతిక, ముప్పై కోట్ల ఏళ్లు. కడప రాళ్లలో పాతవి 190 కోట్ల ఏళ్ల నాటివి. అప్పటికి నేల మీద చెట్టు కాదు కదా, గడ్డిపోచ కూడా లేదు. అందుకే ఇక్కడ నాపరాయి, ముగ్గురాయి దొరుకుతాయి గానీ బొగ్గు దొరకదు.

‘అంటే తాత వాళ్ల ఊరి కంటే మన ఊరే పెద్దది’ అన్నాడు. వయసులో అవును. రాసుకోమన్నా.

నవంబరు 5

నాన్నకు వీడియో కాల్. బదిలీ ఫిల్లర్‌గా, అంటే రానివాళ్ల బదులు బొగ్గు నింపే పనికి చేరి, తట్టా చెమ్మస్ (పార) పట్టి బొగ్గెత్తి, చివరికి బొగ్గు టబ్బుల్ని తాడుతో లాగే హాలేజీ దగ్గర రిటైరైన మనిషి. ‘బాయి బొమ్మ చేస్తున్నాం నాన్నా’ అనగానే కళ్లజోడు వెతుక్కున్నాడు. పాత క్యాలెండర్ కాగితం వెనక జగదాంబ సెంటర్‌తో మొదలుపెట్టి ఆమ్ బజార్, స్టేషన్ బస్తీ, 24 ఏరియా అంటూ గీసుకుంటూ పోయాడు. ఆ కాగితం ఫోటో పంపితే, ఉపగ్రహం మ్యాపు ప్రింటు పక్కన పెట్టి చూశా. దూరాలు ఎక్కడా కలవలేదు. మలుపులు మాత్రం అన్నీ కలిశాయి. నడిచి తిరిగిన మనిషి గీసిన మ్యాపు అలాగే ఉంటుందేమో.

‘ఏ బాయి చేస్తున్నవు బిడ్డా? ఇంక్లైనా, పిట్టా?’ అన్నాడు. నాకు తేడా తెలుసు గానీ వాడికి తెలియాలని చెప్పించా. ఇంక్లైన్ అంటే ఏటవాలు సొరంగం, నడిచి దిగుతారు. పిట్ అంటే నిలువు బావి, లిఫ్టు లాంటి కేజ్‌లో దిగుతారు. లోపల నిలువుగా, అడ్డంగా గల్లీలు తవ్వుకుంటూ పోయి మధ్యలో బొగ్గు దిమ్మెల్ని వదిలేస్తారు. పైకప్పును మోసేవి అవే. ఆఖర్న వెనక్కి వచ్చేటప్పుడు ఆ దిమ్మెల్ని కూడా తీసేసి, ఆ ఖాళీలో నీళ్లతో ఇసుక కొట్టి నింపుతారు, లేదంటే పైకప్పును కూలనిస్తారు.

‘కూలనిస్తారా?’ అని మావాడు నోరు తెరిచాడు.

‘దాని టైముకు అది కూలాలె. కూలకపోతేనే భయం’ అన్నాడు నాన్న. పైకప్పు కూలకుండా మొండికేస్తే బరువంతా మిగిలిన దిమ్మెల మీద పడుతుందట. ఇన్నేళ్లలో నాకే ఈ మాట చెప్పలేదు. నేనూ అడగలేదు.

నవంబరు 8, 9

స్కేలు దగ్గర తల తిరిగింది. నేల మీద ఒక సెంటీమీటరుకు 50 మీటర్లు పెట్టుకున్నాం. లోతుకూ అదే పెడితే, వంద మీటర్ల కింద ఉన్న బొగ్గు రెండు సెంటీమీటర్ల కింద వస్తుంది. రెండు మీటర్ల మందం బొగ్గు పొర అర మిల్లీమీటరు కూడా ఉండదు, పెన్సిల్ గీతంత. అందుకని లోతుకు మాత్రం సెంటీమీటరుకు 10 మీటర్లు పెట్టి, ఆ సంగతి మోడల్ మీద పెద్ద అక్షరాలతో రాయించా. లేకపోతే ఊళ్లో అందరూ పాతాళం అంచున కాపురం ఉన్నట్టు కనిపిస్తుంది.

థర్మోకోల్ పొరలు కోసి అతికించడానికి శనివారం మొత్తం పట్టింది. ఆదివారం పొద్దున నేను చేసిన తెలివితక్కువ పని ఇది. త్వరగా అవుతుందని స్ప్రే పెయింట్ కొట్టా. పెయింట్ పడ్డ చోటల్లా థర్మోకోల్ సుయ్యిమంటూ కరిగి గుంతలు పడింది. స్ప్రే డబ్బాల్లోని సాల్వెంటు దాన్ని తినేస్తుందని డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంది, తర్వాత చదివాను. స్టేషన్ బస్తీ ఉండాల్సిన చోట అరచేయంత గొయ్యి. ‘అమ్మా, బాయి కూలింది’ అని వీడు ఒకటే నవ్వు.

ఎవరైనా ఇలాంటిది చేస్తుంటే ముందు న్యూస్‌పేపరు ముక్కలు, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో రెండు పొరలు అంటించి, ఆరాక మామూలు పోస్టర్ కలర్ వేసుకోండి. మాకు ఆరడానికి మూడు రోజులు పట్టింది, ఒకటే ముసురు.

నవంబరు 11

అసలు బొగ్గు కావాలి. ఇస్త్రీ బండి దగ్గర దొరికేది కట్టెబొగ్గు. మనకు కావాల్సింది రాక్షసిబొగ్గు. ఊరి బయట ఇటుకల బట్టీలో అడిగితే గుప్పెడడిగినందుకు సంచెడు ఇచ్చారు. పాత చీర పరిచి, రోకలితో నలగ్గొట్టాము. అత్త లోపల్నుంచి వచ్చి, ‘ఏందమ్మా ఇది, నట్టిల్లంతా మసి చేస్తివే!’ అంది. తర్వాత ఒక ముక్క చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, ‘ఇది రాయే గదా, ఇది మండుతాదా?’ అని అడిగింది.

ఆ ప్రశ్నతోనే మా ఊరి కథ మొదలైందని చెప్పుకుంటారు. భద్రాచలం పోయే యాత్రికులు దారిలో ఆగి, నల్లరాళ్లు మూడు పొయ్యిగా పెట్టి వంట చేసుకుంటుంటే రాళ్లే అంటుకున్నాయట. ఆ కబురు పైకి పాకింది. రికార్డులో ఉన్నదైతే ఇది: జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మనిషి విలియం కింగ్ 1871లో ఇక్కడ బొగ్గుందని తేల్చాడు. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టి, నిజాం దగ్గర తవ్వుకునే హక్కులు తీసుకుంది. ఆ హక్కుల బేరంలో, వాటాల అమ్మకంలో ఎంత గోల జరిగిందంటే, 1888లో బ్రిటిష్ పార్లమెంటు దాని మీద కమిటీ వేసింది. 1889లో తవ్వకం మొదలు. సికింద్రాబాద్ నుంచి బెజవాడకు రైలు దారి కలిసింది కూడా ఆ ఏడాదే. డోర్నకల్ దగ్గర చీలిన పాయ మా ఊరికి వచ్చింది. బొగ్గు కోసం రైలు, రైలు కోసం బొగ్గు. సింగరేణి కాలరీస్ అన్న పేరు 1920లో వచ్చింది. 1945లో కంపెనీ నిజాం సర్కారు చేతికి వచ్చింది.

మొదటి ఏడాది తీసింది సుమారు 60 వేల టన్నులు. ఎక్కువా తక్కువా అని వీడు అడిగితే ఆర్టీపీపీతో, అంటే మా రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంటుతో పోల్చి చెప్పా. ఇక్కడికి దగ్గరే, ఎర్రగుంట్ల, ముద్దనూరు మధ్య చిమ్నీలు దూరం నుంచే కనపడతాయి. మొత్తం 1,650 మెగావాట్లు. దానికి మా సింగరేణి బొగ్గు రైళ్లలో వస్తుంది. యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు అనుకుని లెక్క కట్టాం. ప్లాంటు మొత్తం ఫుల్లుగా నడిస్తే, 1889లో ఏడాదంతా తట్టల్లో మోసి తీసిన బొగ్గు అక్కడ రెండు రోజుల పైన ఇంకొన్ని గంటలు వస్తుంది. వాడు లెక్క మళ్లీ చేశాడు. మళ్లీ అంతే వచ్చింది.

నవంబరు 13

జనాభా లెక్కల కోసం కూర్చున్నా. నా ల్యాప్‌టాప్, వాడి రఫ్ నోట్సు.

మొదటి తలనొప్పి పేరు. పాత ఇంపీరియల్ గెజిటీర్‌లో మా ఊరు ‘ఎల్లండ్లపాడ్’. అసలు ఇల్లెందులపాడు అన్నమాట, ఆ పేరుతో చెరువు ఇప్పటికీ ఉంది. జనం నోట బొగ్గుట్ట. తర్వాత ఇల్లందు, ఇల్లెందు, యెల్లందు. బోర్డుకో రకం. సింగరేణి అని వెతికితే కారేపల్లి దగ్గర ఉన్న వేరే ఊరు వస్తుంది. గనులకు పేరిచ్చింది అది, గనులొచ్చింది మా ఊరికి. జిల్లా కూడా రెండుసార్లు మారింది. ముందు వరంగల్, 1953 నుంచి ఖమ్మం, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. ఒకే ఊరి లెక్క కోసం మూడు జిల్లాల పుస్తకాలు తిప్పాలి. ఇది చూసి మా ఆయన ‘మాది మాత్రం తక్కువా’ అన్నాడు. నిజమే. కడప జిల్లా 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప అయింది. అత్త మాత్రం మొదట్నుంచీ కడప అనే అంటుంది.

మధ్య దశాబ్దాల లెక్కలన్నీ వరసగా పెడదామని వాడు పట్టుబట్టాడు. నేను వద్దన్నా. బల్ల ముందు మనిషి నిలబడేది రెండు నిమిషాలు. రెండు చివరలు చూపిస్తే చాలు: 1901లో 12 వేల పైచిలుకు, 2011లో 33 వేల పైచిలుకు. తవ్వకం మొదలైన పన్నెండేళ్లకే పన్నెండు వేలు! అడవిలో ఉన్న ఊరికి అది మామూలు సంగతి కాదు.

నవంబరు 15, శనివారం

గింజల లెక్క. 1901 సీసాలో 120 దాటి, 2011 సీసాలో 330 దాటి. చిన్నోడు నాలుగు నోట్లో వేసుకున్నాడు. నాలుగొందల మంది గల్లంతు. మళ్లీ మొదట్నుంచీ.

సీసాలు పక్కపక్కన పెట్టి చూశాక నాకు నచ్చలేదు. బావులు మూతపడిన ఊరు అంటున్నాం, సీసా చూస్తే దాదాపు మూడింతలు నిండింది. చూసినవాళ్లు ‘ఊరు బ్రహ్మాండంగా ఉందే’ అంటారు. భూగర్భ గనులు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి, 21 ఇంక్లైన్‌తో సహా. ఆ ఏరియాలో ఇప్పుడు బొగ్గంటే ఓపెన్‌కాస్టే, అంటే పైనుంచి నేలంతా తవ్వేసే గనులు, కోయగూడెం లాంటివి. దానికి డంపర్లు, షావెల్ మిషన్లు కావాలి. వేలమంది ఫిల్లర్లు అక్కర్లేదు.

అందుకని ఇంకో జత సీసాలు పెట్టాం, కందులతో. ఇక్కడ ఒక గింజకు వెయ్యి మంది. ఇది ఇల్లెందు ఒక్కదానిదే కాదు, సింగరేణి కంపెనీ మొత్తానిది. 1990ల మొదట్లో లక్షా 16 వేల మంది ఉద్యోగులు, 116 గింజలు. ఇప్పుడు నలభై వేలకు అటూ ఇటూ. కందుల సీసా చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. శనగల సీసా ఆ మాట చెప్పదు. జనగణనకు కావాల్సింది ఇంట్లో ఎవరున్నారన్నది. బాయి దిగేవాళ్లు ఎందరో ఆ సీసాలో కనపడదు. రిటైరైన నాన్న అందులో ఒకడే, పెన్షన్ల రోజు బ్యాంకు ముందు క్యూలో నిలబడేవాళ్లంతా అందులోనే, వాళ్లను నమ్ముకుని కొట్లు పెట్టుకున్నవాళ్లూ అందులోనే. నాతో చదివినవాళ్లలో సగం మంది హైదరాబాద్ సీసాలో ఉన్నారు. 2001లో నేను ఇల్లెందు లెక్క. 2011లో ప్రొద్దుటూరు లెక్క. ఈ ముక్క వాడి చార్టులో పెట్టనివ్వలేదు, ఇక్కడ రాసుకుంటున్నా.

నవంబరు 16

ఒక చిన్న సంగతి పట్టుకుని ఇంట్లో రాత్రి పదకొండు దాకా మాటలు. 1901 జనగణన ఒక్క రాత్రి లెక్క. మార్చి 1 రాత్రి ఎవరు ఎక్కడుంటే అక్కడ లెక్క. అప్పట్లో దేశమంతా అలాగే చేసేవాళ్లు. మావాడు వెంటనే, ‘రాత్రి షిఫ్టుకు బాయి దిగినోళ్లు?’ అన్నాడు.

నాన్నను అడిగాం. ‘మస్టర్ పడ్డంక మనిషి కంపెనీ లెక్క. పైకొస్తే ఇంటి లెక్క’ అన్నాడు. మస్టర్ అంటే హాజరు. జవాబు కాదు గానీ, వాడు దాన్ని చార్టు మీద తాత పేరుతో రాసేశాడు. తీసెయ్యమనడానికి నాకూ మనసొప్పలేదు.

నవంబరు 18

శనగలకు పురుగు. 2011 సీసాలో కింద పొడి రాలి ఉంది, పది పన్నెండు గింజలకు బొక్కలు. డబ్బాలో పాత శనగలు వాడినందుకు శాస్తి. అత్త చూసి, ‘ఎండలో పెట్టి, ఏపాకు ఎయ్యకుండా సీసాలో పోస్తారా ఎవరైనా?’ అని తిట్టింది. ఎండ ఎక్కడుంది. పెనం మీద సన్నసెగన వేయించి, చల్లారాక వేపాకు వేసి మూత బిగించాం. చూసేవాళ్లకు ఈ ఆకు ఏమిటో చెప్పాలి ఇక.

నవంబరు 20

మనుషుల బొమ్మలు. అగ్గిపుల్ల కాళ్లు, మైదా పిండి తల, నెత్తిన ఆవగింజంత పసుపు ముద్ద క్యాప్ ల్యాంపు. పైకప్పుకు సపోర్టులు అగరుబత్తి పుల్లలు. బొగ్గు పొడి ఫెవికాల్‌లో కలిపి పొరగా పూస్తే ఆరిన తర్వాత కూడా చేతికి అంటుతోంది. పైన వార్నిష్ పలచగా, బ్రష్షుతో వేశాం. ఈసారి డబ్బా వెనక చదివి, ముందు చెత్త ముక్క మీద వేసి చూశాకే.

ఒక బొమ్మకు చీర కడతానని వాడు. లోపల ఆడవాళ్లు ఉండరు అన్నా. ‘ఎందుకు?’ 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో గానీ పగటి షిఫ్టుల్లో, షరతులతో అనుమతి రాలేదు. మా నాయనమ్మ పైన తట్ట మోసిన మనిషి. అందుకని చీర బొమ్మను ఇంక్లైన్ మూతి దగ్గర, టబ్బు పక్కన నిలబెట్టాం. ఆ ఒక్క బొమ్మ ముఖం మాత్రం వాడు మూడుసార్లు చేశాడు.

నవంబరు 23, ఆదివారం

పూర్తయిందనుకుని నాన్నకు వీడియోలో చుట్టూ తిప్పి చూపించా. చాలాసేపు మాట్లాడలేదు. బాగుంది అంటాడేమో అనుకున్నా.

‘ఇంక్లైన్ మరీ నిలువుగా పెట్టినవు బిడ్డా. ఇట్లుంటే మనిషి నడవడు, జారి పడతడు’ అన్నాడు.

లోతు ఐదింతలు సాగదీశాం కదా నాన్నా, అందుకే అలా కనపడుతుంది అని స్కేలు సంగతి చెప్పా. శ్రద్ధగా విన్నాడు. ‘నీ లెక్క నిజమే. కానీ నేను రోజూ దిగింది ఇది కాదు’ అన్నాడు.

ఎగ్జిబిషన్ శుక్రవారం. మూడో శనగల సీసా ఖాళీగానే పంపుతున్నాం, మీద 2027 అని చీటీ అంటించి, జనగణన ఆ మార్చి 1 నాటి లెక్క కాబట్టి. ఇంక్లైన్ ముక్క వరకు కత్తితో ఊడదీశా. వాలు ఎంత తగ్గించాలో నాన్న అరచేయి వంచి చూపించాడు, వీడు దాని స్క్రీన్‌షాట్ తీసి కోణమాపకం పెట్టి కొలుస్తున్నాడు. బొగ్గు పొడి అయిపోయింది. రేపు మళ్లీ ఇటుకల బట్టీకి పోవాలి.